సంక్రాంతికి ఊరెళ్తున్నారా? పొగమంచులో బండి ఎలా నడపాలంటే

తెలుగులో మంచు అనే ఒక్క మాటతో చాలా వాటిని సరిపెట్టుకుంటాం. గడ్డిపరక మీద మెరిసేదీ మంచే, తెల్లవారుజామున రోడ్డును మింగేసేదీ మంచే, మనాలీలో కొత్త దంపతులు ఒకరి మీద ఒకరు విసురుకునేదీ మంచే. హైదరాబాద్ వాళ్ల మోజంతా మూడో దాని మీద. ముప్పు మాత్రం రెండో దానితో. డిసెంబరు సగం నుంచి జనవరి చివరి దాకా విజయవాడ రోడ్డు మీదో, ఔటర్ రింగు రోడ్డు మీదో చీకటితో బండి తీసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొండల్లో పడే మంచు గురించి తరువాత కొంచెం చెబుతాను.

ముందురోజు సాయంత్రమే తేల్చుకోండి

పొగమంచు విషయంలో అసలైన జాగ్రత్త స్టీరింగ్ దగ్గర కాదు, గడియారం దగ్గర ఉంది. మనకు ఒక అలవాటు. ఊరు వెళ్లాలంటే మూడింటికి అలారం పెడతాం, పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకెళ్లి వెనక సీట్లో పడుకోబెడతాం, వెలుగు రాకముందే చౌటుప్పల్ దాటాలని పంతం పడతాం. వేసవిలో అది మంచి అలవాటే. ఎండ తగలదు, పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్ల బారు తక్కువ. సంక్రాంతికి మాత్రం అదే అలవాటు మనల్ని తీసుకెళ్లి మంచు నడిమధ్యలో దింపుతుంది.

మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ సన్నని నీటి బిందువులుగా మారి అక్కడే వేలాడుతుంది. రాత్రి గడిచేకొద్దీ చలి పెరుగుతుంది కనుక మంచు బాగా చిక్కబడేది సూర్యోదయానికి కాస్త ముందూ, కాస్త తరువాతా. జనవరి మధ్యలో మనకు సూర్యోదయం సుమారు 6.50కి. సూర్యుడు కనిపించాడు కదా, ఇక విడిపోతుందనుకుంటే పొరపాటే. తొలి ఎండకు కొంతసేపు మంచు మరింత దట్టమవడం మామూలే. ఎనిమిదిన్నర, ఒక్కోసారి తొమ్మిది దాటితే గానీ రోడ్డు తేటపడదు.

కాబట్టి ముందురోజు మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరండి. విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు, రాత్రి భోజనానికి చేరిపోతారు. అది కుదరకపోతే పొద్దున తొమ్మిది తరువాత తీయండి. టోల్‌గేట్ బారులో గంట పోతే పోనివ్వండి.

మంచు పడుతుందో లేదో ఊహించడం అంత కష్టం కాదు. ఫోనులో వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి వదిలేయకండి. రాత్రికి ఆకాశం నిర్మలంగా ఉంటుందా, గాలి దాదాపు ఆగిపోతుందా, గాలిలో తేమ 90 శాతం దాటుతుందా అన్నది చూడండి. డ్యూ పాయింట్ అని మరో అంకె ఉంటుంది, గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత అది. తెల్లవారుజామున ఉష్ణోగ్రతకూ దానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉందంటే మంచుకు రంగం సిద్ధమైనట్టే. ముందురోజు చినుకులు పడి, రాత్రికి ఆకాశం తేరుకుంటే ఇక చెప్పనక్కరలేదు. బేగంపేటలోని వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది, అవీ చూడండి. వాళ్ల లెక్కలో కనుచూపు 1,000 మీటర్ల లోపు ఉంటే పొగమంచు, 200 లోపు అయితే దట్టమైనది, 50 లోపు అయితే అతి దట్టమైనది.

మా మామగారు పంచాంగంలో వర్జ్యం చూడనిదే ఎవరినీ గుమ్మం దాటనివ్వరు. ఒకప్పుడు విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆయన పంచాంగం తిరగేస్తుంటే నేను పక్కన కూర్చుని ఫోనులో గాలి వేగం చూస్తాను. ఇద్దరికీ కుదిరిన వేళకే బండి కదులుతుంది.

బండిని సిద్ధం చేయండి

టైర్లలో గాలి, స్టెప్నీ, ఫాస్టాగ్‌లో డబ్బు ఎలాగూ చూసుకుంటారు. వాటితో పాటు ముందు అద్దాన్ని లోపలి వైపు తుడవండి. బయట మెరిసిపోయే కార్లకు కూడా లోపల సన్నని జిడ్డు పొర ఉంటుంది. మంచులో ఎదుటి దీపం పడగానే ఆ పొర అంతా తెల్లగా వెలిగి రోడ్డు మాయమవుతుంది. తరువాత ఇంట్లో ఒకరిని బండి వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి. వెనక దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో ఇంతకన్నా సులువుగా తెలుసుకునే మార్గం లేదు. చాలా కార్లకు వెనక కూడా ఒక ఫాగ్ ల్యాంప్ ఉంటుంది. ఆ బటన్ ఎక్కడుందో కొన్ననాటి నుంచి చూడనివాళ్లే ఎక్కువ. ఇంటి దగ్గరే వెతికి పెట్టుకోండి. పది రూపాయల రేడియం టేపు ముక్క వెనక బంపర్ మీద అతికిస్తే ఇంకా మంచిది.

హెడ్‌లైట్లకు పసుపు కాగితం అంటించమని దుకాణాల వాళ్లు చెబుతారు. పసుపు కాంతి మంచును చీల్చుకుపోతుందన్నది నమ్మకమే తప్ప నిజం కాదు. పొగమంచు బిందువులు కాంతి తరంగాల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. అవి ఏ రంగునైనా ఒకేలా చెదరగొడతాయి. ఆ కాగితం వల్ల వెలుతురు కాస్త తగ్గి కళ్లకు హాయిగా అనిపించవచ్చు, అంతే.

అద్దం మసకబారితే

ఇక్కడ కంగారు పడి చేతికి దొరికిన బటన్లన్నీ నొక్కేవాళ్లను చూశాను. ముందు వేలితో అద్దం మీద లోపలి నుంచి ఒక గీత గీయండి. గీత పడితే తేమ లోపల ఉన్నట్టు, పడకపోతే బయట ఉన్నట్టు.

లోపల ఉన్నది మన ఊపిరే. అయిదుగురు కూర్చుని కిటికీలన్నీ బిగించుకుంటే అరగంటలో అద్దం తెల్లబడుతుంది. చలిగా ఉంది కదా అని ఏసీ ఆపేస్తారు, తప్పు అక్కడే. ఏసీ వేసి, ఉష్ణోగ్రత పెంచి, గాలిని ముందు అద్దం మీదికి మళ్లించండి. విసనకర్ర ఆకారంలో మూడు వంకర బాణాలున్న బటన్ అందుకే ఉంది. లోపలి గాలే తిరిగే బటన్ ఆపి, బయటి గాలి రానివ్వండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, రెండు నిమిషాల్లో అద్దం తేటపడుతుంది. తేమ బయట ఉంటే వైపర్ ఒకసారి ఆడించి, అద్దం మీదికి చల్లగాలి తగలకుండా మళ్లిస్తే సరిపోతుంది. గుడ్డతో తుడుస్తూ ఒంటి చేత్తో నడపకండి.

దీపాలు

హై బీమ్ వేయకండి. ఎంత చీకటిగా అనిపించినా సరే. ఆ వెలుగంతా మంచు బిందువులకు తగిలి మన కళ్లలోకే తిరిగి వస్తుంది. డిప్ లోనే ఉంచి, ముందూ వెనకా ఫాగ్ ల్యాంపులు వేయండి. అవి కిందికి, వెడల్పుగా పడతాయి కనుక రోడ్డు అంచు తెలుస్తుంది. కొన్ని కార్లలో పగటి దీపాలు ముందు మాత్రమే వాటంతట అవే వెలుగుతాయి, వెనక చీకటే. అందుకని హెడ్‌లైట్ మీట మీరే తిప్పండి.

ఎర్ర త్రికోణం బటన్ నొక్కి నాలుగు ఇండికేటర్లూ మిణుకుమనిపిస్తూ నడపడం మన రోడ్ల మీద ఆచారమైపోయింది. నాకు నచ్చదు. వెనక వచ్చేవాడికి మీరు ఆగి ఉన్నారో కదులుతున్నారో తెలియదు. మీరు పక్కకు తిరగబోతున్న సంగతి చాలా బండ్లలో అసలే తెలియదు. ఆ బటన్‌ను ఆగినప్పుడు వాడండి.

వేగం: అయిదు లెక్కపెట్టండి

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అడ్డుగా ఉన్నది కంటపడి, కాలు బ్రేకు మీదికి చేరేసరికే ముప్పై మీటర్లు అయిపోతాయి. పూర్తిగా ఆగడానికి పొడి రోడ్డు మీద మరో ముప్పై అయిదు. అంటే మొత్తం డెబ్బైకి దగ్గర. కనుచూపు 50 మీటర్లే ఉన్నప్పుడు 80లో పోవడమంటే కళ్లు మూసుకుని నడిపినట్టే. అదే 40 వేగంలో పాతిక మీటర్లలో ఆగిపోవచ్చు.

మంచులో మీటర్లు కొలిచేదెలా? నేను చేసేది ఇది. ఒక బోర్డో, స్తంభమో మసగ్గా కనబడిన క్షణం నుంచి మెల్లగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాను. దాన్ని దాటేలోపు అయిదు వచ్చిందా, ఆ వేగం ఫరవాలేదు. మూడుకే దాటేశానంటే కాలు తీస్తాను. 50 మీటర్లు కనిపిస్తుంటే ఈ లెక్కకు తేలే వేగం గంటకు 36 కిలోమీటర్లు. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. స్పీడోమీటర్ మీద మాత్రం చూపు ఉండాలి. పక్కన చెట్లు, ఇళ్లు వెనక్కి పోవడం కనిపించదు కనుక వేగం ఎంతో మనకు తెలియదు.

ఈ లెక్క నాకు ఊరికే అబ్బలేదు. కొన్నేళ్ల కిందట భోగి నాటి తెల్లవారుజామున చిట్యాల దాటి పోతున్నాం. ఊళ్లలో భోగి మంటలు అప్పుడే వేశారు, పొగంతా మంచులో కలిసి కిందికి దిగింది. కాలుతున్న పాత టైరు వాసన కారులోకి వస్తోంది. పక్కన మా బావమరిది. "బావా, కాస్త నెమ్మది" అన్నాడు. "అరవైలోనే కదా పోతున్నాం" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే ఎదురుగా మంచు ఒకచోట మరీ తెల్లగా అనిపించింది. అది మంచు కాదు. ట్రాక్టరు ట్రాలీకి రెండు పక్కలా పొంగిపొర్లుతున్న పత్తి. తెల్లటి మంచులో తెల్లటి పత్తి, వెనక దీపం లేదు, రేడియం ముక్క లేదు. బ్రేకు మీద నిలబడ్డాను. కారు ఆగేసరికి తాళ్ల సందుల్లోంచి వేలాడుతున్న పింజ ఒకటి బానెట్ మీద ఊగుతోంది. ట్రాక్టరు నడిపే అతనికి వెనక మేమున్నట్టు కూడా తెలియదు, తన దారిన తాను పోయాడు. తరువాత కనబడిన టీ బండి దగ్గర ఆగిపోయాం. నా చేతిలో గ్లాసు వణకడం చూసి ఆ పెద్దమనిషి, "తొమ్మిది దాకా కూర్చోండి సార్, రోడ్డు ఎక్కడికీ పోదు" అన్నాడు.

మంచు ఎక్కడ పొంచి ఉంటుంది

మంచు రోడ్డు పొడవునా సమంగా ఉండదు. బాగానే ఉందనుకుని వేగం పెంచిన చోటే గోడలా అడ్డం వస్తుంది. నీళ్లున్న చోట, పల్లంలో, వరి మడుల పక్కన ఎక్కువ. ఔటర్ మీద హిమాయత్‌సాగర్ దగ్గర, మూసీని దాటే చోట, శామీర్‌పేట వైపు ముందే కాలు తీయండి. విజయవాడ దారిలో నకిరేకల్, సూర్యాపేటల మధ్య మూసీ వంతెన, కోదాడ దాటాక పాలేరు, నందిగామ దాటాక మునేరు, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ గాలి, ఇవన్నీ గుర్తుంచుకోవలసినవే.

ఏ వరుసలో పోవాలన్నది చిక్కు ప్రశ్న. కుడి వరుసలో డివైడర్ పక్కన వేగంగా వచ్చేవాళ్లు, ఎడమ వరుసలో ఆపి పెట్టిన లారీలు. నేను ఎడమే ఎంచుకుంటాను, ఎలాగూ నెమ్మదిగానే పోతున్నాను కనుక. అంచున ఉన్న తెల్ల గీతను చూపుతో పట్టుకుని పోతే ఎదుటి దీపాలు కళ్లలో పడవు. లారీ వెనక దీపాలు పట్టుకుని పోతే క్షేమమని చాలామంది అంటారు. లారీ కాలువలోకి దిగితే మనమూ దిగుతాం. ఊళ్ల దగ్గర డివైడర్ తెగిన చోట్ల పాటలు ఆపి, కిటికీ కొంచెం దించండి. కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది.

విమానాశ్రయానికి పొద్దున ఆరింటి విమానం అందుకోవాలంటే, ఔటర్ మీద మంచుందని తెలిసినప్పుడు మెహదీపట్నం నుంచి పి.వి. ఎక్స్‌ప్రెస్ వే మీదుగా పోవడం మేలు. దీపాలుంటాయి, వేగాలూ తక్కువ. అంతకన్నా మేలు ఆర్టీసీ పుష్పక్ బస్సు.

ఆగవలసి వస్తే

పెట్రోలు బంకులోకో, డాబా ఆవరణలోకో పూర్తిగా దిగిపోండి. రోడ్డు పక్కన సగం లోపల, సగం బయట ఆపడం కన్నా మెల్లగా పోవడమే నయం. బండి చెడిపోయి తప్పకపోతే ఎడమ గీత అవతలికి వీలైనంత జరిపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, అందరినీ ఎడమ వైపు తలుపుల్లోంచి దింపి, ఇనుప కంచె అవతల నిలబెట్టండి. చలి అని కారులో కూర్చోకండి. ముందెక్కడో బండ్లు ఢీకొన్నాయని తెలిస్తే చూడటానికి రోడ్డు మీద నడిచి పోకండి, వెనక వచ్చేవాడికి మీరూ కనిపించరు. జాతీయ రహదారి మీద 1033, అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112. దగ్గరలోని కిలోమీటరు రాయి అంకె చెబితే త్వరగా చేరుకుంటారు.

బైకు మీద పోయేవాళ్లకు ఒక్క మాట: హెల్మెట్ అద్దం వేలెడంత తెరిచి ఉంచండి, తెల్ల చొక్కా వద్దు. మంచులో తెలుపు కలిసిపోతుంది. పసుపో, నారింజో వేసుకోండి. తెల్ల శాలువా కప్పుకుని రోడ్డు వారన పొద్దున నడకకు వెళ్లే పెద్దలకూ ఇదే మనవి.

విమానం, రైలు

మన మంచు కన్నా ఢిల్లీ మంచు మనల్ని ఎక్కువ ఏడిపిస్తుంది. ఢిల్లీ విమానాశ్రయంలో రన్‌వే మీద కనుచూపు 50 మీటర్లున్నా దిగే ఏర్పాటు ఉంది. కానీ ఆ విమానానికి ఆ పరికరాలుండాలి, పైలట్‌కు ఆ శిక్షణ ఉండాలి. పైగా ఎగరడానికి అంతకన్నా ఎక్కువ కనుచూపు కావాలి. డిసెంబరు, జనవరిల్లో పని ఉంటే మధ్యాహ్నం ఢిల్లీలో దిగే విమానం చూసుకోండి. అక్కడి నుంచి మరో విమానం పట్టుకోవాలంటే మధ్యలో గంటన్నర పెట్టుకోవడం జూదమే. ఎక్కవలసిన విమానం అంతకుముందు ఎక్కడి నుంచి వస్తోందో ఫోనులో చూడండి. అది ఢిల్లీలో చిక్కుకుంటే శంషాబాద్‌లో ఎండ కాస్తున్నా మీరు కదలరు. మంచు వల్ల రద్దయితే పరిహారం రాదు గానీ, డబ్బు వాపసా, మరో విమానమా అన్నది ఎంచుకునే హక్కు మీదే.

రైళ్లు ఉత్తరాదిలోకి వెళ్లాక గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. సిగ్నల్ ఎంత దూరంలో ఉందో ఇంజన్‌లో చెప్పే పరికరాలు వచ్చాయి, అయినా డ్రైవరు వేగం తగ్గించక తప్పదు. మీరెక్కే స్టేషన్‌కు రైలు మూడు గంటలకు మించి ఆలస్యమైతే, ప్రయాణం మానుకుని టికెట్ డబ్బంతా తిరిగి తీసుకోవచ్చు. ఆన్‌లైన్ టికెట్ అయితే రైలు అక్కడి నుంచి కదలక ముందే టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేయాలి. చాలామంది ఇంటికొచ్చాక వేసి నష్టపోతారు.

మూడో మంచు

మన మేడ్చల్, శంషాబాద్‌ల మీదుగా పోయే 44వ జాతీయ రహదారి మొదలయ్యేది శ్రీనగర్‌లో. ఆ చివర మంచు పడి రోజుల తరబడి మూసేసే రోడ్డూ ఇదే. ఒకటే రోడ్డు కదా అని హైదరాబాద్ కారు వేసుకుని అక్కడికి పోకండి. మనాలీలోనైనా, కశ్మీర్‌లోనైనా స్థానిక డ్రైవర్‌ను, టైర్లకు గొలుసులున్న బండిని మాట్లాడుకోండి. 2020లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం లోపల బాగానే ఉంటుంది, జారేది రెండు మూతుల దగ్గర. రోడ్డు మీద తడిలా కనిపించే, గాజులాంటి మంచుగడ్డ పొరే అసలు ప్రమాదం. ఎండ తగలని మలుపుల్లో మధ్యాహ్నం దాకా ఉంటుంది. డ్రైవర్ ఇక వెనక్కి పోదామంటే ఇచ్చిన డబ్బు లెక్క చూడకండి.

మంచులో కారు ఇరుక్కుపోతే హీటర్ కోసం ఇంజన్ నడుపుతూ నిద్రపోవద్దు. వెనక పొగగొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ దగ్గర మంచులో చిక్కుకున్న కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. గంటకొకసారి దిగి పొగగొట్టం చుట్టూ తవ్వి, కిటికీ కాస్త దించి, పది నిమిషాలు మాత్రమే ఇంజన్ నడపాలి. హోటల్ గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవడమూ అంతే ప్రమాదం.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు ఇన్ని జాగ్రత్తలు పడిన మనిషే వచ్చేటప్పుడు అన్నీ గాలికి వదిలేస్తాడు. పండగ అయిపోయింది, పొద్దున పదింటికి ఆఫీసు, అందుకని అత్తగారింటి నుంచి రాత్రి రెండింటికి బయలుదేరతాడు. డిక్కీలో అరిసెల డబ్బాలు, ఒంట్లో మూడు రోజుల నిద్రలేమి, ముందు మంచు. సెలవు చీటీ రాసేటప్పుడే ఆ రోజు మధ్యాహ్నం నుంచి వస్తానని అందులో రాసెయ్యండి. పొద్దున టిఫిన్ తిని, ఎండెక్కాక బండి తీయండి.